ఎనిమిది వేల బొమ్మలు పక్కన పెట్టి ఒక చెంబు గీయండి

ఒంగోలు నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "ఇంటీరియర్ డిజైన్ కోర్సు పూర్తయింది. ఫోనులో ఎనిమిది వేల బొమ్మలు దాచుకున్నాను. చీరలు, గదులు, చిత్రాలు, దీపాలు, అన్నీ ఉన్నాయి. తీరా కాగితం ముందు కూర్చుంటే చేయి కదలదు. గీసిందల్లా ఎక్కడో చూసినట్టే ఉంటుంది. బట్టల్లో, ఇళ్లలో, కళలో మీకు స్ఫూర్తి ఇచ్చినవి ఏమిటి? ఒంగోలులోనే ఉంటే అలాంటివి దొరుకుతాయా, హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోవాలా?"

అమ్మా, ముందు చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను. పని నేర్చుకోవడానికి పెద్ద ఊళ్లు మంచివే, వెళ్లాలనిపిస్తే వెళ్లండి. స్ఫూర్తి కోసమే అయితే ఊరు మారనక్కర్లేదు. నేను నెల్లూరులో 26 ఏళ్లుగా ఇళ్ల లోపలి అలంకరణ పని చేస్తున్నాను. అంతకుముందు నాలుగేళ్లు ఒక చేనేత బట్టల దుకాణంలో రంగులు ఎంపిక చేసే పని చేశాను. ఇన్నేళ్లకు సరిపడా సరుకు నాకు మీరున్న చోటి నుంచి ఒక పగటి ప్రయాణం దూరంలోనే దొరికింది.

మీ ఇబ్బంది బొమ్మలు చాలక వచ్చింది కాదు. ఆ ఎనిమిది వేలలో ఏ ఒక్కటైనా తీసి, అది అలాగే ఎందుకు ఉందో నాకు చెప్పగలరా? ఆ కుర్చీ కాలు అక్కడ ఎందుకు సన్నబడింది, ఆ చీర అంచు అంత వెడల్పు ఎందుకు పెట్టారు, ఆ గోడకు ఆ రంగు ఏ పూట వెలుతురు చూసి వేశారు? ఫోనులో బొమ్మకు బరువు తెలియదు, వెనక వైపు కనపడదు, చేత్తో తడిమితే గరుకో నునుపో అర్థం కాదు. చేసిన మనిషి ఎక్కడ ఆగి ఆలోచించాడో అందులో ఉండదు. కారణం తెలియని రూపాన్ని మనం తిరిగి గీయగలం, అంతే. కారణం తెలిస్తే దాని నుంచి ఇంకొకటి పుట్టించగలం. నాకు స్ఫూర్తి ఇచ్చినవన్నీ ఇలా కారణం వెతుక్కుంటూ పట్టుకున్నవే. వాటిలో మొదటిది మా వంటింట్లోనే ఉంది.

చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికన్ దంపతులు ఉండేవారు. వాళ్లు చేసిన కుర్చీలకు అప్పటికే ప్రపంచమంతా పేరు. భారత ప్రభుత్వం పిలిస్తే వచ్చి, దేశమంతా తిరిగి, 1958లో ఒక నివేదిక రాసి ఇచ్చారు. 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ మొదలవడానికి ఆ నివేదికే దారి చూపింది. మన దేశంలో చూసిన వస్తువులన్నింటిలోకి గొప్పదిగా, అందమైనదిగా వాళ్లు ఎంచుకున్నది ఏమిటో తెలుసా? చెంబు! అలాంటి వస్తువును కొత్తగా రూపొందించాలంటే ఎన్ని సంగతులు ఆలోచించాలో వరసగా రాశారు. ఎన్ని నీళ్లు పట్టాలి, ఎత్తేది ఎవరి చేయి, తల మీద మోస్తారా, చంకన పెట్టుకుంటారా, నిండుగా ఉన్నప్పుడు బరువు ఎటు ఒరుగుతుంది, ఖాళీగా ఉన్నప్పుడు ఎటు, నీళ్లు వంచితే ధార ఎలా పడుతుంది, లోపల కడగడం ఎలా, కింద పెడితే ఏ చప్పుడు చేస్తుంది, ఒకరికి కానుకగా ఇస్తే ఎలా ఉంటుంది... ఇలా సాగుతుంది ఆ వరస.

అది చదివిన రోజు నాకు 24 ఏళ్లు. లేచి వెళ్లి మా నాయనమ్మ ఇత్తడి చెంబు తెచ్చుకుని ముందు పెట్టుకున్నాను. పుట్టినప్పటి నుంచి చూస్తున్న వస్తువు అది. మెడ దగ్గర వేళ్లు సరిగ్గా కూర్చునేంత సన్నం. పైన అంచు బయటికి వాలి ఉంది కాబట్టి వంచినప్పుడు నీళ్లు పొట్ట మీదుగా కారకుండా దూరంగా పడతాయి, వాలిన ఆ అంచు కిందే వేళ్లు ఆని జారకుండా పట్టుకుంటాయి. మూతి ఆడవాళ్ల చేయి పట్టేంత ఉంది. లోపల ఎక్కడా మూల లేదు, చింతపండు పెట్టి తోమితే చేయి ఆగకుండా చుట్టూ తిరిగి వస్తుంది. పొట్ట గుండ్రంగా ఉండటానికి, మెడ సన్నబడటానికి, మూతి విచ్చుకోవడానికి దేనికదే కారణం ఉంది. అందం కోసమని విడిగా చేసింది ఒక్కటీ లేదు, అయినా అది అందంగా ఉంది. ఆ రాత్రి దాన్ని పది పన్నెండు సార్లు గీశాను. మీరు మొదట చేయవలసింది కూడా ఇదే. ఒకే చెంబును పదిసార్లు గీయండి, ప్రతిసారీ పక్కన ఒక కారణం రాయండి.

బట్టల విషయానికి వస్తే నాకు గురువు వెంకటగిరి చీర. జిల్లాల హద్దులు ఎన్ని మారినా మా తరానికి అది నెల్లూరు వెంకటగిరే. వెలుగోటి రాజుల ఆదరణలో పెరిగిన నేత అది, గుంట మగ్గం మీద సన్న నూలుతో నేస్తారు. నాయనమ్మ దగ్గర ఒకటి ఉండేది. మీగడ రంగు ఒళ్లు, చిలకపచ్చ అంచు, అంచులో సన్నటి జరీ గీత, కొంగులో ఒకే ఒక్క చిలక. మిగతా చీరంతా ఖాళీ. పెళ్లికి కట్టుకునే చీర ఇంత ఖాళీగా ఎందుకు ఉందని చిన్నప్పుడు నాకు వెలితిగా ఉండేది. దుకాణంలో పనికి చేరాక ఒకరోజు ఆ చీర కొంగును కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూశాను. నా అరచేయి గీతలు అవతలి నుంచి కనిపించాయి. ఆ ఖాళీలోనే నేతగాడి పనితనం అంతా ఉంది. బుటాలు కుమ్మరిస్తే ఆ సన్నదనం చచ్చిపోతుంది, చీర బరువెక్కుతుంది, ఒంటి మీద గాలి ఆడదు.

సన్నదనం అంటే ఎంతో ఒక లెక్క చెబుతాను. వెంకటగిరికి పేరు తెచ్చింది 100 నంబరు నూలు. నూలు నంబరు అంటే, ఒక పౌను పత్తి వడికితే 840 గజాల చుట్టలు ఎన్ని వస్తాయనే లెక్క. 100 నంబరుకు వంద చుట్టలు, అంటే 84,000 గజాలు. మన లెక్కలో అర కిలో కన్నా కాస్త తక్కువ పత్తి నుంచి దాదాపు 77 కిలోమీటర్ల దారం. ఇంచుమించు నెల్లూరు నుంచి వెంకటగిరికి ఉన్నంత దూరం! అంత సన్నని దారం మగ్గం మీద తెగకుండా నిలవాలంటే గంజి పట్టు, పడుగు (నిలువు పోగుల) బిగువు, చేతి జోరు అన్నీ కుదరాలి. ఎండ తీవ్రతనూ గాలిలో తేమనూ చూసి పని వేగం మార్చుకునే నేతగాళ్లను నేను చూశాను.

ఇక ఆ చిలక. అది జాందానీ నేత. నాడెతో ఇటు నుంచి అటు వెళ్లే అడ్డ దారం, పేక, మామూలుగా వెళుతూనే ఉంటుంది. చిలక వచ్చే చోట మాత్రం విడి దారాన్ని చేత్తో పడుగు పోగుల మధ్య దూర్చి, చిలక అంచు దాకా తీసుకెళ్లి, అక్కడే వెనక్కి తిప్పుతారు. పక్క వరసలో మళ్లీ అదే పని. భూతద్దం పెట్టి చూడండి, చిలక ముక్కు వంపు నిజానికి వంపు కాదు, మెట్లు. ఒక పోగు ఎక్కి, రెండు పోగులు జరిగి, మళ్లీ ఒక పోగు ఎక్కి వెళుతుంది. దారం ఎంత సన్ననైతే మెట్టు అంత చిన్నదై కంటికి వంపులా కనిపిస్తుంది. వెనక వైపు తిప్పితే ఇంకో సంగతి తెలుస్తుంది. చేతి జాందానీలో బుటా దారం బుటాలోనే తిరిగి బుటాలోనే ఆగుతుంది. మరమగ్గం మీద చేసిన నకళ్లలో దారం ఒక బుటా నుంచి ఇంకో బుటాకు దూకి వెళుతుంది, తర్వాత దాన్ని కత్తిరిస్తారు. వెనక అంతా తెగిన పోగులు గరుగ్గా తగులుతాయి. అసలుదో నకలుదో తెలుసుకోవడానికి చీర వెనక్కి తిప్పి బొటనవేలితో రాస్తే చాలు.

ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, నా పని మొత్తం మీద ఈ ఒక్క చిలక ప్రభావం ఉంది. గదిలో ఎక్కడ ఖాళీ వదలాలో ఆ చీర ఒంటి నుంచే నేర్చుకున్నాను. గోడలు, నేల, పైకప్పు మీగడ రంగులో ఊరుకుంటాయి, అంచులాగా తలుపు చట్రాలకు ఒక గట్టి రంగు ఉంటుంది, కొంగులాగా ఒక్క మూల మాత్రం మాట్లాడుతుంది. నేను కట్టుకునే తీరు కూడా అదే. సాదా చీర, సన్న అంచు, జాకెట్టుకు ముదురు రంగు, చేతికి ఒకే గాజు. ఈ మధ్య వెంకటగిరి పేరుతోనే ఒళ్లంతా పెద్ద బుటాలు, బెత్తెడు జరీ అంచులు వస్తున్నాయి. గిరాకీ అలా ఉన్నప్పుడు నేతగాళ్లను తప్పు పట్టలేను, వాళ్లకు పూట గడవాలి. అయినా చేతుల్లో అంత సన్నని నూలు పనితనం ఉంచుకుని దాన్ని జరీ కింద దాచేయడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. కొనే మనం సాదా చీర కావాలని అడగడం మొదలుపెడితే వాళ్లు సంతోషంగా నేస్తారు.

మీకు చీరాల దగ్గర కాబట్టి తేలియా రుమాలు గురించి కూడా చెప్పాలి. చీరాలలో ఒకప్పుడు నేసి అరబ్బు దేశాలకు ఓడల్లో పంపిన తలగుడ్డలు అవి. నూలును నూనెలోనూ ఆముదపు కాయల పొట్టు బూడిదలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, తర్వాత రంగు వేస్తారు. తేల్ అంటే హిందీలో నూనె, ఆ వాసన ఉంటుంది కాబట్టే ఆ పేరు. పోగులకు ముడులు కట్టి రంగులో ముంచి, పడుగు పేక రెండింటి మీదా ముందే వేసుకున్న రంగు గుర్తులు నేతలో ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చునేలా నేస్తారు. ఇప్పుడు ఆ నేతను నిలబెట్టుకుంటున్నది తెలంగాణలోని పుట్టపాక, 2020లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. నన్ను పట్టేసింది ఆ రంగుల పొదుపు. ఎరుపు, నలుపు, తెలుపు. అంతే. ఆ మూడింటితో చదరాలు, నక్షత్రాలు, సింహాలు, కాలం మారాక గడియారాలు, విమానాలు కూడా నేశారు. రంగులు ఎన్ని కావాలంటే అన్ని దొరికే కాలంలో పెరిగిన మీలాంటి వాళ్లు ఒక నెల రోజులు మూడే రంగులతో పని చేసి చూడండి. చేయి కదలడం లేదన్న మీ ఇబ్బందిలో సగం రంగులు ఎంచుకోలేకపోవడం వల్లే వచ్చిందని నా అనుమానం.

శ్రీకాళహస్తి కలంకారీ మీద ఇప్పటికే చాలామంది రాశారు కనుక ఒక్క మాటతో ముగిస్తాను. అక్కడి నలుపు, ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసిన నలుపు. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద కలం ఆనగానే అది నల్లబడుతుంది. ఆ నలుపులో ఒక మెత్తదనం ఉంటుంది, డబ్బాలో దొరికే రంగు దాని దగ్గరికి రాదు. ఇంట్లో నలుపు వాడవలసి వచ్చినప్పుడల్లా ఆ నలుపే గుర్తు చేసుకుంటాను.

ఇళ్ల దగ్గర నాకు తగిలిన మొదటి దెబ్బ గురించి చెబుతాను. పని మొదలుపెట్టిన మూడో ఏడు. నెల్లూరులో ఒక కుటుంబం కొత్త ఇల్లు అప్పగించింది. నేను విదేశీ పత్రికలో చూసిన హాలును దించేశాను. పడమటి గోడ మొత్తం గాజు అద్దం, కింద నిగనిగలాడే నల్లరాయి, పైన దొంగ కప్పు (ఫాల్స్ సీలింగ్), దానిలో వరసగా చిన్న చిన్న దీపాలు. ఫోటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. మే నెల వచ్చింది. నెల్లూరు ఎండ మీకు తెలియనిది కాదు. మధ్యాహ్నం మూడు నుంచి ఆ హాలులో ఎవరూ కూర్చోలేకపోయారు. నల్లరాయి మీద ప్రతి అడుగు జాడ, ప్రతి దుమ్ము రేణువు కనిపించి ఆ ఇల్లాలు రోజుకు మూడుసార్లు తుడిచేది. జూన్‌లో నేను వెళ్లేసరికి ఇంటిల్లిపాదీ వెనక వసారాలో చాప వేసుకుని కూర్చుని ఉన్నారు. ఆ ఇంటి పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. చాప మీద చోటు చూపించి, మజ్జిగ ఇప్పించారు. నేను ఇప్పటికీ ఆ గ్లాసు మర్చిపోలేదు. తర్వాత నా ఖర్చుతోనే పడమటి అద్దం బయట చిల్లుల ఇటుక గోడ కట్టించాను.

ఆ గోడకు దారి చూపింది లారీ బేకర్. ఇంగ్లండులో 1917లో పుట్టి, మన దేశంలో స్థిరపడి, 2007లో తిరువనంతపురంలో కన్నుమూసిన వాస్తుశిల్పి. కిటికీకి పెట్టే ఖర్చు తగ్గించి ఇటుకల మధ్య సందులు వదిలి జాలీ గోడలు కట్టేవారు. గాలి లోపలికి వస్తుంది, ఎండ ముక్కలై పడుతుంది, బయటి వాళ్లకు లోపల కనిపించదు, దొంగ దూరలేడు. ఒక్క పనితో నాలుగు లాభాలు. ఆయన కట్టినవి చూడటానికి తిరువనంతపురం వెళ్లి నాలుగు రోజులు తిరిగాను. తిరిగి వచ్చాక నెల్లూరు మూలాపేటలో నేను పుట్టి పెరిగిన ఇంటిని కొత్తగా చూశాను. టేకు దూలాల మీద సన్న ఇటుకలను నిలువుగా, మూలవాటంగా సున్నంతో పేర్చి వేసిన పాతకాలపు మద్రాసు మిద్దె అది. కింద కడప బండలు. వీధి వైపు అరుగు. మధ్యాహ్నం ఆ బండల మీద ఒట్టి ఒంటితో పడుకుంటే ఎంత హాయిగా ఉండేదో. ఎత్తైన కప్పు, మందపాటి గోడ, చల్లని బండ, చిన్న కిటికీ, ప్రతిదానికీ ఈ ఊరి ఎండే కారణం. నేను పత్రికలో వెతుక్కున్న పాఠం నా వీపు కిందే ఉంది.

ఇప్పుడు మీరు తప్పకుండా చూడవలసిన చోటు చెబుతాను, నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి. కోట చూడటానికి చాలామంది వెళతారు. మీరు చెక్క గరిటెలు, చెంచాలు చేసే ఇళ్లకు వెళ్లండి. దుర్గం కొండల మీద దొరికే నర్ది, దేవదారి, బిక్కి లాంటి చెక్కలతో చేస్తారు. భౌగోళిక గుర్తింపు ఉన్న పని ఇది. ఎక్కువగా ముస్లిం కుటుంబాలు, వాళ్లలోనూ ఆడవాళ్లు ఈ పని పట్టుకున్నారు. నా బల్ల మీద ఇప్పుడు ఒక చెంచా ఉంది, దాన్ని చూస్తూనే ఈ మాటలు రాస్తున్నాను. జానెడు పొడవు. ముందు గుంట భాగం కోలగా, పెదవికి తగిలే చోట కాగితం అంత పలచగా ఉంది. మధ్యలో కాడ సన్నం. పట్టుకునే చివర వెడల్పై, అందులో ఆకుల జాలీ తొలిచారు. పారశీక పనితనం పోలిక అందులో స్పష్టంగా కనిపిస్తుంది. వెలుతురుకు పెడితే బల్ల మీద ఆ ఆకుల నీడ పడుతుంది.

ఆ జాలీని మొదటిసారి చూసినప్పుడు సోకు కోసం తొలిచారనుకున్నాను. ఒక పెద్దమ్మ పక్కన రెండు పూటలు కూర్చున్నాను. చెక్క నార ఎటు పోతుందో చూసి, ఆకు తొడిమె ఆ నార వెంటే వచ్చేలా గుర్తు పెట్టుకుంటుంది. నారకు అడ్డంగా సన్నని భాగం వదిలితే అక్కడే విరుగుతుందని చెప్పింది. "చెక్క ఒప్పుకున్నదే చేయాలమ్మా" అంది. ఆకులన్నీ ఒకే వాలుగా ఎందుకు ఉన్నాయో అప్పుడు తెలిసింది. ఆ తర్వాత నేను చేయించిన ప్రతి చెక్క తెరకూ, వంటింటి అలమార తలుపు జాలీకీ ముందుగా చెక్క నార చూసి గీత గీయడం అలవాటు చేసుకున్నాను. యంత్రం మీద కోసే వాళ్లు మొదట విసుక్కున్నారు. అలా కోసిన జాలీల పుల్లలు విరగకపోవడం చూశాక వాళ్లే నార ఎటు అని అడుగుతున్నారు.

రాళ్ల విషయంలో మీరు అదృష్టవంతులు. ఒంగోలు నుంచి చీమకుర్తి 20 కిలోమీటర్ల పైచిలుకు. ప్రపంచం బ్లాక్ గెలాక్సీ అని పిలిచే రాయి అక్కడిదే. నల్లటి రాయిలో బంగారు రవ్వలు మెరుస్తుంటాయి, అవి బ్రాంజైట్ అనే ఖనిజపు రవ్వలు. వెలుతురు ఒక కోణంలో తగిలితేనే మెరుస్తాయి, అది తప్పితే ఆరిపోతాయి. ఇది తెలియక జనం హాలంతా ఆ రాయి పరిచి పైన నిట్టనిలువుగా దీపాలు పెడతారు. రవ్వలు మెరవవు, దీపాల ప్రతిబింబాలు మాత్రం కళ్లలో గుచ్చుకుంటాయి. ఆ రాయికి పక్క కిటికీ కావాలి. వంటింటి గట్టుకు ఒక పలక, లేదా వరండాలో కూర్చునే బెంచీకి ఒక పలక, పొద్దున్నే ఏటవాలు ఎండ పడే చోట వేసి చూడండి. మనం నడుస్తూ పోతుంటే రవ్వలు ఒక్కొక్కటే వెలిగి ఆరిపోతాయి. క్వారీ దగ్గర సానపట్టని ముక్క దొరికితే తెచ్చి తడిపి చూడండి, అది ఇంకో అందం. మార్కాపురం పలకరాయి దీనికి పూర్తిగా ఎదురు స్వభావం. మెరుపు లేదు, పొరలు పొరలుగా చీలుతుంది. మన తాతలు, నాన్నలు బలపం పట్టి అక్షరాలు దిద్దింది దాని మీదే. చీల్చిన ముఖాన్ని సానపట్టకుండా పూజగది వెనక గోడకు వేశాను ఒకచోట, దీపం వెలుగు ఆ ఎగుడుదిగుడుల మీద కదులుతుంటే ఆ గోడకు వేరే అలంకారం అవసరం లేకపోయింది.

రంగుల పొందిక కోసం నేను మళ్లీ మళ్లీ వెళ్లేది ఒంగోలు గిత్త దగ్గరికి. మీ ఊరి పేరే కదా దానికి! దూరం నుంచి తెల్లగా కనిపిస్తుంది. దగ్గరికి వెళితే మూపురం మీద, మెడ మీద బూడిద రంగు మెల్లగా చిక్కబడుతుంది. కంటి చుట్టూ కాటుక గీసినట్టు నలుపు, ముట్టె నలుపు, తోక కుచ్చు నలుపు. ఎక్కువ భాగం తెలుపు, నీడ పడే చోట బూడిద, చూపు ఆగవలసిన చోట మాత్రమే నలుపు. ఈ లెక్కతో నేను కనీసం పది ఇళ్లకు రంగులు వేయించి ఉంటాను. చలికాలంలో పులికాట్ సరస్సు వైపు వెళితే రాజహంసలు (ఫ్లెమింగోలు) రెక్క విప్పిన క్షణం కనిపించే గులాబీ, దాని పక్కన నలుపు కూడా చూడండి. ముడుచుకుని నిలబడ్డప్పుడు ఆ రంగులు సగం దాగే ఉంటాయి. అలమార తలుపు లోపలి వైపు మంచి రంగు వేయాలన్న ఆలోచన నాకు అక్కడే వచ్చింది.

కళ అంటే ప్రదర్శనశాలలే గుర్తొస్తాయి మనకు. నా మటుకు నాకు పెద్ద ప్రదర్శనశాల భైరవకోన. ఉమ్మడి ప్రకాశం జిల్లా చంద్రశేఖరపురం మండలంలో కొత్తపల్లి దగ్గర, నల్లమల అంచున, కొండను తొలిచి చేసిన ఎనిమిది శివాలయాలు. పల్లవుల కాలపు శైలి, స్తంభాల కింద కూర్చున్న సింహాలను చూడగానే మహాబలిపురం గుర్తొస్తుంది. అక్కడ నన్ను కదిలించింది పని జరిగిన తీరు. కట్టడం అంటే ఒకదానిమీద ఒకటి చేర్చుకుంటూ పోవడం. ఇక్కడ స్తంభం చేయడానికి స్తంభం చుట్టూ ఉన్నదంతా తీసేశారు. ఒక్క దెబ్బ ఎక్కువ పడితే మళ్లీ అతికించే వీలు లేదు. మధ్యాహ్నం దాటాక అక్కడ కూర్చుని ఒక స్తంభాన్ని దాని చుట్టూ ఉన్న ఖాళీని బట్టి గీయండి. స్తంభాన్ని గీయకుండా ఖాళీని గీయండి. గది ప్లాను గీసేటప్పుడు గోడల బదులు మనిషి నడిచే చోటు కనిపించడం నాకు ఆ అభ్యాసం వల్లే వచ్చింది.

మన పల్లెల తోలుబొమ్మలు ఇంకో పాఠం. మేక తోలును వెలుతురు దాటేంత పలచగా చేసి, రెండు వైపులా రంగులు వేసి, నగలు ఉండే చోట చిల్లులు పొడుస్తారు. పగలు చేతిలో పట్టుకుంటే ఆ చిల్లులు చిల్లుల్లాగే ఉంటాయి. తెర వెనక దీపం పెట్టగానే అవే వడ్డాణం, అవే హారం. నగ అంటే అక్కడ ఏమీ లేకపోవడం! దీపాలు ఎంచుకునేటప్పుడు దుకాణంలో పగటిపూట ఎలా ఉందని చూడకండి, వెలిగించి, చీకటి గదిలో, గోడ మీద ఏం పడుతుందో చూసి కొనండి.

హైదరాబాదు, బెంగళూరుల్లో మీకు దొరికేది తోటి పనివాళ్లు, పెద్ద పనులు, మంచి జీతం. అవి అవసరమే. వెళ్లినా ఈ ఊళ్లకు ఏడాదికి ఒకసారైనా రండి. వచ్చేటప్పుడు మూడు వస్తువులు తెచ్చుకోండి: గీతలు లేని పుస్తకం, కొలతల టేపు, భూతద్దం. ఫోనును సంచిలోనే ఉంచండి. ముందు గీసి, కొలిచి, అడిగి, అన్నీ అయ్యాక కావాలంటే ఒక్క ఫోటో తీసుకోండి. మగ్గం దగ్గరికి ఉదయాన్నే వెళ్లండి, మధ్యాహ్నం వాళ్ల భోజనం, కునుకు వేళ. పని ఆపించి మాట్లాడించకండి, పక్కన కూర్చుంటే వాళ్లే చెబుతారు. వచ్చేటప్పుడు ఏదో ఒకటి కొనండి, బేరం ఆడకుండా కొనండి. ఒక బుటాను మీ పనిలో వాడుకోవాలనుకుంటే వాళ్లతోనే నేయించండి, దాన్ని తీసుకెళ్లి చవక గుడ్డ మీద అచ్చు వేయించకండి. ఇది నేను గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే అలా అచ్చు వేసిన గుడ్డలు మళ్లీ ఆ వీధిలోకే వచ్చి ఆ మగ్గాలకే పోటీగా అమ్ముడుపోవడం నా కళ్లతో చూశాను.

ఈ ఆదివారం చెంబుతో మొదలుపెట్టండి. ఇంట్లో పాత ఇత్తడిదో రాగిదో ఉంటే అది, లేకపోతే స్టీలుదైనా ఫర్వాలేదు. పది బొమ్మలు గీశాక, కళ్లు మూసుకుని నీళ్లు నింపిన చెంబును ఒకసారి చేత్తో ఎత్తి, పదకొండోది గీయండి. ఆ పదకొండో బొమ్మ నాకు పంపండి.